క్రాకోవ్ నగరాన్ని కాలక్రమంలో ఎలా చూడాలి

పోలండ్ రాజధాని వార్సా. పోలండ్ రాజుల సమాధుల్లో ఎక్కువ భాగం మాత్రం ఉన్నది అక్కడికి దక్షిణాన సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో, విస్తులా నది ఒడ్డున ఉన్న క్రాకోవ్‌లో. ఈ నగరానికి రాజధాని హోదా పోయి నాలుగు వందల ఏళ్లు దాటింది. అయినా బడిపిల్లలకు తమ దేశ చరిత్ర చూపించాలంటే పోలండ్ పంతుళ్లు నేటికీ ఇక్కడికే తీసుకొస్తారు. రాజ్యం చేజారిన తర్వాత ఒక జాతి తన జ్ఞాపకాలన్నీ ఏ ఊళ్లో దాచుకుందో ఆ ఊరు ఇది.

వచ్చినవాళ్లలో చాలామంది రైలు దిగి నేరుగా పెద్ద చౌక్‌లోకి వెళ్తారు, ఫొటోలు తీసుకుంటారు, కోట చూస్తారు, మర్నాడు బస్సెక్కుతారు. అందులో తప్పేమీ లేదు కానీ ఏ శతాబ్దం తర్వాత ఏది వచ్చిందో మాత్రం బుర్రకెక్కదు. చదువు కోసమో ఉద్యోగం కోసమో పోలండ్ చేరిన తెలుగువారికి, యూరప్ యాత్రలో ఈ ఊరికి రెండు మూడు రోజులు కేటాయించుకోగలిగినవారికి నేను చెప్పే పద్ధతి వేరు: నగరం ఏ వరుసలో పెరిగిందో ఆ వరుసలోనే నడవండి. కొండ, వీధి, చౌక్, విశ్వవిద్యాలయం, యూదుల పేట, చివరగా ఉక్కు నగరం.

బయలుదేరే ముందు

మూడు రోజులుంటే హాయి. పాత నగరంలో దాదాపు అంతా నడకే, అదీ రాళ్లు పరిచిన బాటల మీద. కాబట్టి మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. డిసెంబరులో వెళ్తే సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది, బయట చూడవలసినవన్నీ ఉదయమే ముగించుకోవాలి. మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు.

ఏది ఏ రోజు మూసి ఉంటుందో ముందే చూసుకోండి. ఆదివారం ఉదయం చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి, పర్యాటకులను ఆ సమయంలో లోపలికి రానివ్వరు. శనివారం యూదుల విశ్రాంతి దినం, ఆ రోజు వాళ్ల ప్రార్థనామందిరాలు చాలావరకు తెరవరు. మ్యూజియంలలో చాలావాటికి సోమవారం సెలవు, లేదంటే తక్కువ వేళలు. ఈ మూడు రోజుల్నీ దృష్టిలో పెట్టుకుంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లడం ఉత్తమం. చెల్లింపులు జ్వోతీల్లో ఉంటాయి, యూరోల్లో కాదు. ట్రామ్ ఎక్కేటప్పుడు కాగితపు టికెట్ కొన్నట్లయితే లోపలున్న యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు. ముద్ర లేని టికెట్, టికెట్ లేనట్టే లెక్క.

1. వావెల్ కొండతో మొదలుపెట్టండి

ఉదయం తొమ్మిదికల్లా కొండ కింద ఉండండి. కోటలో ఒక్కో విభాగానికి ఒక్కో టికెట్, రోజుకు ఇన్నేనని పరిమితి కూడా ఉంటుంది. వేసవిలో ఆలస్యంగా వెళ్తే నిరాశ తప్పదు. అన్నీ కొనకండి. రాజప్రాసాదంలోని గదులు, కెథడ్రల్, ఈ రెండూ చాలు.

పైకి వెళ్లే దారిలో ఎడమా కుడీ చూస్తూ నడవండి. కోటగోడలోని ఇటుకల మీద పేర్లు చెక్కి కనిపిస్తాయి. చాలామంది వాటిని చూడకుండానే దాటిపోతారు, కానీ నా దృష్టిలో ఈ నగరానికి అసలైన ముందుమాట ఇదే. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌ను పూర్తిగా పంచుకున్నాయి. 1918 వరకు, అంటే 123 ఏళ్ల పాటు, పటంలో ఆ దేశమే లేదు. ఆస్ట్రియా సైన్యం ఈ రాజుల కోటను బారకాసులుగా వాడుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక కోట మరమ్మతుకు ప్రజలు చందాలిచ్చారు. ఆ పేర్లు ఆ దాతలవి.

తర్వాత కెథడ్రల్‌కు వెళ్లండి. 1320లో వ్వాదిస్వావ్ వొకియెతెక్ అనే రాజుకు ఇక్కడ పట్టాభిషేకం జరిగింది. అది మొదలు నాలుగు శతాబ్దాల పాటు దాదాపు ప్రతి రాజూ ఇక్కడే కిరీటం పెట్టుకుని, చివరకు ఇక్కడికే సమాధి కావడానికి వచ్చాడు. లోపల వస్తువులు కిక్కిరిసి ఉంటాయి. అన్నీ చూడబోతే ఏదీ గుర్తుండదు. మూడింటిని వెతుక్కోండి.

ఒకటి, యాద్విగా సమాధి. 1384లో పసిప్రాయంలోనే ఆమెకు పట్టం కట్టారు, అదీ రాణిగా కాదు, రాజు అనే బిరుదుతో. 1399లో చనిపోయేటప్పుడు తన నగలను విశ్వవిద్యాలయ పునరుద్ధరణకు రాసిచ్చింది. ఆమె సమాధిని 1949లో తెరిచినప్పుడు లోపల దొరికిన రాజచిహ్నాలు బంగారపువి కావు, చెక్క మీదా తోలు మీదా బంగారు పూత పూసినవి. వాటిని ఇక్కడే ప్రదర్శనకు పెట్టారు. చదువు కోసం నగలిచ్చిన రాణి కథ ప్రపంచంలో చాలాచోట్ల వినిపిస్తుంది గానీ, ఇంత గట్టి రుజువు చాలా అరుదు.

రెండు, సిగిస్మండ్ ప్రార్థనాలయం. బయటి నుంచి బంగారు గుమ్మటం కనిపించేది ఇదే. ఇటలీ నుంచి వచ్చిన బర్తొలొమేయో బెరెచ్చి 1519 నుంచి 1533 వరకు కట్టాడు. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన ఇటాలియన్ పునరుజ్జీవన శైలి ఇంత స్వచ్ఛంగా మరోచోట కనబడదని కళాచరిత్రకారులు అంటారు. దీన్ని కట్టించిన రాజు మొదటి సిగిస్మండ్ భార్య బోనా స్ఫోర్జా కూడా 1518లో ఇటలీ నుంచే వచ్చింది.

మూడు, గోపురంలోని సిగిస్మండ్ గంట. ఇరుకైన చెక్కమెట్లు ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారు మానుకోవచ్చు. 1520లో పోతపోసిన ఈ గంట బరువు 12 టన్నుల పైమాటే. రోజూ మోగించరు. పెద్ద పండుగలకూ, దేశమంతటికీ సంబంధించిన సుఖదుఃఖాలకూ మాత్రమే మోగుతుంది. మోగించడానికి పది పన్నెండు మంది కలిసి తాళ్లు లాగాలి.

ఇక్కడే మరో సంగతి చెప్పాలి. 1869లో మరమ్మతులు చేస్తుండగా పొరపాటున కాజిమియెష్ మహారాజు సమాధి తెరుచుకుంది. ఐదు వందల ఏళ్ల నాటి రాజు. ఆయన అస్థికలకు మళ్లీ అంత్యక్రియలు జరిపారు, మూడు భాగాలుగా చీలిన దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. తమకంటూ రాజ్యం లేని జాతికి చనిపోయిన రాజు ఊరేగింపే జాతీయ ఉత్సవమైంది. 1890లో కవి ఆదమ్ మిత్స్‌కెవిచ్ అస్థికలను పారిస్ నుంచి తెచ్చి ఇక్కడి నేలమాళిగలోనే ఉంచారు. రాజుల పక్కన కవికి చోటిచ్చిన నగరం ఇది.

ప్రాసాదంలో చూడవలసినవి గోడలకు వేలాడే నేతచిత్రాలు. పదహారవ శతాబ్దం మధ్యలో రెండవ సిగిస్మండ్ ఆగస్టస్ బ్రస్సెల్స్‌లో నేయించినవి, ఇప్పటికీ వందకు పైగా మిగిలాయి. రెండవ ప్రపంచయుద్ధంలో వీటిని కెనడాకు తరలించారు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి అప్పగించాలా వద్దా అన్న వివాదం వల్ల 1961 దాకా తిరిగి రాలేదు.

మన పాఠకులకు ఒక పిట్టకథ. కోట లోపలి ముంగిట్లో ఒక మూల గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడినవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. శివుడు లోకంలోని ఏడు చోట్ల ఏడు మహిమగల రాళ్లు విసిరాడనీ, వాటిలో ఒకటి ఈ వావెల్ కింద ఉందనీ ఒక నమ్మకం ఇక్కడ ప్రచారంలో ఉంది. మన పురాణాల్లో ఇది ఎక్కడుందని నన్నడగకండి! కోట నిర్వాహకులకు కూడా ఈ భక్తి అంతగా నచ్చదు.

కొండ దిగాక నది వైపు నోట్లోంచి మంటలు కక్కే డ్రాగన్ విగ్రహం ఉంది, 1972లో పెట్టారు. పిల్లలుంటే వెళ్లండి, లేకపోతే సమయం మిగుల్చుకోండి.

2. రాజులు నడిచిన దారిలో కిందికి రండి

కొండ దిగి కనోనిచా వీధిలోకి, అక్కడి నుంచి గ్రోత్స్కా వీధిలోకి రండి. పావుగంట నడక. దారిలో రెండు తెల్లటి గోపురాలున్న చిన్న రాతిగుడి, సెయింట్ ఆండ్రూ చర్చి, దగ్గర ఆగండి. పదకొండవ శతాబ్దం చివరిది. గోడల కింది భాగంలో సన్నటి సందుల్లాంటి కిటికీలు చూస్తే ఇది చర్చి మాత్రమే కాదు, అవసరమైతే కోట కూడా అని అర్థమవుతుంది. 1241లో మంగోలులు నగరాన్ని తగలబెట్టినప్పుడు జనం ఇందులో తలదాచుకున్నారని చెబుతారు. పక్కనే ఉన్న పన్నెండు మంది అపోస్తలుల విగ్రహాల చర్చి ముందు అందరూ ఫొటోలు దిగుతుంటారు. అది దీనికంటే ఐదు వందల ఏళ్లు చిన్నది.

3. పెద్ద చౌక్‌లో నేల వంక చూడండి

మంగోలులు తగలబెట్టిన పదహారేళ్లకు, 1257లో, బొలెస్వావ్ అనే పాలకుడు జర్మనీలోని మాగ్డెబుర్గ్ నగర చట్టాన్ని అనుసరించి ఊరికి కొత్త శాసనం ఇచ్చాడు. అప్పుడు గీసిన పటమే ఈనాటికీ ఉంది. రినెక్ అని పిలిచే ఈ చౌక్ ఒక్కో వైపు సుమారు 200 మీటర్లు, మధ్యయుగపు యూరప్‌లో ఇంత పెద్దవి చాలా తక్కువ. మధ్యలో నిలబడి చుట్టూ చూడండి. వీధులన్నీ గీత గీసినట్టు ఉన్నాయి, మేరీ మాత చర్చి మాత్రం వంకరగా నిలబడింది. అది ఈ పటం కంటే ముందే ఉన్న చోటు కాబట్టి కొత్త గీతలకు లొంగలేదు. గ్రోత్స్కా వీధి చౌక్‌ను కలిసే మూల గరాటులా ఉండడానికీ అదే కారణం.

ఆ మూలనే ఉన్న చిన్న వొయిచెఖ్ చర్చి గుమ్మం చూడండి. రోడ్డు ఎత్తు పెంచుతూ పోతే మన ఊళ్లలో పాత ఇళ్లు గోతిలో దిగినట్టు కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. వెయ్యేళ్లుగా చౌక్ నేల పైకి లేస్తూ వచ్చింది. ఆ పొరలను తవ్వి, భూమి కింద ఒక మ్యూజియం చేసి 2010లో తెరిచారు. పాత బండిబాటలు, దుకాణాల పునాదులు, కాలిన ఇళ్ల ఆనవాళ్లు అక్కడ ఉన్నచోటనే చూడవచ్చు. ఒక్కసారికి ఇంతమందినే పంపుతారు కాబట్టి ముందే సమయం తీసుకోండి.

మధ్యలోని పొడుగాటి భవనం సుకియెన్నిత్సె, బట్టల వర్తకుల అంగళ్లు. 1555లో కాలిపోయాక పునరుజ్జీవన శైలిలో తిరిగి కట్టారు. కింద అమ్మేవన్నీ జ్ఞాపికలే, బేరం ఆడే అలవాటు లేదు. పై అంతస్తుకు ఎక్కండి. 1879లో పోలండ్ జాతీయ మ్యూజియం పుట్టింది ఇక్కడే, దేశం లేని కాలంలో. యాన్ మాతేయ్‌కో 1882లో పూర్తిచేసిన ఒక పెద్ద చిత్రం అక్కడ ఉంది. 1525లో ప్రష్యా పాలకుడు పోలండ్ రాజు ముందు మోకరిల్లిన ఘట్టమది. ఆ ఘట్టం జరిగింది కిందనున్న ఈ చౌక్‌లోనే, చోటు గుర్తుగా నేలమీద ఫలకం ఉంది. తమను పంచుకున్న మూడు రాజ్యాల్లో ఒకటి ఒకనాడు తమ కాళ్ల దగ్గర ఉందని గుర్తుచేసే చిత్రాన్ని పరాయి పాలనలో గీసి వేలాడదీయడం మాటలు కాదు. చిత్రం చూసి, కిందికి దిగి, ఆ ఫలకం వెతుక్కోండి. దగ్గర్లోనే మరో ఫలకం, 1794 మార్చి 24న సేనాని తాదెఉష్ కోష్చూష్కో రష్యా మీద తిరుగుబాటు ప్రారంభిస్తూ ప్రమాణం చేసిన చోటు.

ఉదయం పదకొండున్నరకల్లా మేరీ మాత చర్చి టికెట్ చేతిలో ఉండాలి. 11.50కి బలిపీఠం తలుపులు తెరుస్తారు. న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన విత్ స్త్వోష్ అనే శిల్పి 1477 నుంచి 1489 వరకు లిండెన్ అనే చెట్టు కలపతో చెక్కాడు. ఎత్తు సుమారు 13 మీటర్లు. విగ్రహాల ముఖాలు రాజులవీ దేవతలవీ కావు, వీధిలో కనిపించే ముసలివాళ్లవి. చేతుల మీది నరాలు చూడండి. నాజీలు దీన్ని ఊడదీసి జర్మనీకి పట్టుకుపోయారు, యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ కోట నేలమాళిగలో దొరికింది. 1946లో పోలండ్ చేరినా, ఈ చర్చిలోకి తిరిగొచ్చింది 1957లో.

బయటికొచ్చి పన్నెండు గంటలకు తలెత్తండి. ఎత్తైన గోపురం కిటికీ నుంచి బాకా మోగుతుంది, నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు, ప్రతిసారీ పాట మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. మంగోలుల దాడిని హెచ్చరిస్తున్న బాకావాడి గొంతులో బాణం దిగిందనీ, అందుకే ఆ చోట ఆపుతారనీ కథ. కథ అందమైనదే గానీ ఇరవయ్యో శతాబ్దానికి ముందు అది ఎక్కడా రాసి కనబడదు. నిజమైన సంగతి ఇంకా బాగుంటుంది: ఊదేవాళ్లు అగ్నిమాపక దళం ఉద్యోగులు, గంటగంటకూ, రాత్రి పగలూ. మధ్యాహ్నం ఊదేదాన్ని పోలిష్ రేడియో 1927 నుంచి దేశమంతటికీ వినిపిస్తోంది.

4. విశ్వవిద్యాలయం, తర్వాత గోడలు

చౌక్‌కు పడమట రెండు వీధుల అవతల విశ్వవిద్యాలయపు పాత భవనం కొలేజియుమ్ మాయుస్. 1364లో కాజిమియెష్ మహారాజు స్థాపించిన విశ్వవిద్యాలయం యాద్విగా నగలతో 1400లో మళ్లీ ఊపిరి పోసుకుంది. కోపర్నికస్ 1491లో ఇక్కడ చేరాడు. ముంగిలి చూడడానికి డబ్బు కట్టనక్కర్లేదు. లోపల 1510 ప్రాంతపు చిన్న లోహపు భూగోళం ఉంది, అమెరికాను చూపించిన తొలి గోళాల్లో ఒకటి.

ఐదు నిమిషాల నడకలో ఎర్రటి కొలేజియుమ్ నోవుమ్ కనిపిస్తుంది. 1939 నవంబరు 6న ఉపన్యాసం ఉందని పిలిచి, 183 మంది ఆచార్యులనూ సిబ్బందినీ నాజీలు ఇక్కడే నిర్బంధించారు. వారిలో ఎక్కువమందిని జాక్సెన్‌హౌజెన్ శిబిరానికి పంపారు. జాతి జ్ఞాపకాన్ని చెరపాలంటే ఎవరిని ముందు పట్టుకోవాలో వాళ్లకు బాగా తెలుసు.

పాత నగరం చుట్టూ ఉన్న ప్లాంటీ తోట పడగొట్టిన కోటగోడల స్థానంలో వేసింది. ఉత్తరాన ఫ్లోరియన్ ద్వారం, దాని ముందు గుండ్రటి బార్బికన్ బురుజు మాత్రం మిగిలాయి. ఆ దగ్గర్లోని చార్తొరిస్కి మ్యూజియంలో లియొనార్డో డావిన్చీ 1490 ప్రాంతంలో గీసిన ‘ఎర్మిన్ అనే చిన్న జంతువును ఒళ్లో పెట్టుకున్న యువతి’ చిత్రం ఉంది. లియొనార్డో గీసిన స్త్రీల చిత్రాలు లోకంలో మిగిలినవే కొద్ది, పారిస్‌లోని మోనాలీసా ముందున్న తోపులాట ఇక్కడ ఉండదు.

5. రెండో రోజు: కాజిమియెష్, నది దాటి పొద్‌గూజె

దీనికి రోజంతా ఇవ్వండి. కాజిమియెష్ ఇప్పుడు పేట, ఒకప్పుడు వేరే పట్టణం. 1335లో అదే పేరున్న రాజు కట్టించాడు. మీరు దాటి వచ్చే వెడల్పాటి దియెత్లా వీధి ఒకనాటి విస్తులా పాయ, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పూడ్చారు. 1495లో రాజు యాన్ ఓల్బ్రాఖ్త్ క్రాకోవ్ యూదులను ఈ నదికి ఇవతలికి తరిమాడు. తరిమిన చోటే గొప్ప విద్యాకేంద్రమైంది. షెరోకా వీధిలో పాత ప్రార్థనామందిరం, దానికి ఉత్తరాన రెము మందిరం, వెనక శ్మశానం. యూదు ఆచారశాస్త్రానికి వ్యాఖ్య రాసిన మోషె ఇస్సెర్లెస్ సమాధి ఇక్కడే, ఆయన 1572లో చనిపోయాడు. మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీ వెంట ఉంచుకోండి. శ్మశానం గోడను దగ్గరగా చూడండి, అది విరిగిన సమాధిరాళ్ల ముక్కలతో కట్టింది.

మధ్యాహ్నం ప్లాట్స్ నోవీ కూడలిలో తినవచ్చు. పొడుగాటి రొట్టె మీద పుట్టగొడుగులు, జున్ను వేసి కాల్చే జపియెకాంకా శాకాహారులకు సరిపోతుంది.

తర్వాత వంతెన మీదుగా పొద్‌గూజెకు నడవండి. యుద్ధానికి ముందు ఈ నగరంలో అరవై వేలకు పైగా యూదులుండేవారు. 1941 మార్చిలో నాజీలు ఇక్కడ, అంతకుముందు మూడు వేల మంది ఉండిన ఇళ్లలో, పదిహేను వేల మందికి పైగా కుక్కి, చుట్టూ గోడ కట్టి గెట్టోగా, అంటే యూదులను బంధించే పేటగా, మార్చారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో ఆ గెట్టోను ఖాళీ చేయించారు, వందలాది మందిని అక్కడికక్కడే చంపారు. నాడు జనాన్ని పోగుచేసిన కూడలిలో ఇప్పుడు ఖాళీ లోహపు కుర్చీలున్నాయి. వాటి మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లు కనిపిస్తారు. మీరు అలా చేయకండి. మూలనున్న ఫార్మసీ తాదెఉష్ పాంకియెవిచ్‌ది, గెట్టో లోపల దుకాణం నడపడానికి అనుమతి ఉన్న ఒకే ఒక్క యూదేతర పోలిష్ పౌరుడాయన. మందులూ కబుర్లూ చేరవేసి, దాక్కునేవాళ్లకు చోటిచ్చాడు. ‘షిండ్లర్స్ లిస్ట్’ సినిమా వల్ల అందరికీ పేరు తెలిసిన షిండ్లర్ కర్మాగారం ఇక్కడికి పది నిమిషాలు. లోపలి మ్యూజియం షిండ్లర్ గురించి కాదు, 1939-1945 మధ్య మొత్తం నగరం గురించి. ఫార్మసీ చిన్నది, జనం తక్కువ. రెండింటికీ తీరిక లేకపోతే ఫార్మసీనే ఎంచుకోండి.

6. మూడో రోజు సగం: నోవా హుతా

దీన్ని వదిలేయమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. కేంద్రం నుంచి తూర్పుకు ట్రామ్‌లో అరగంట. 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉక్కు కర్మాగారంతో పాటు కార్మికుల నగరాన్ని ఇక్కడ కొత్తగా కట్టడం మొదలుపెట్టింది. రాజుల సమాధుల మీద, చర్చిల మీద, ఆచార్యుల మీద మోజున్న పాత క్రాకోవ్‌కు ఇది పోటీ అని చాలామంది నమ్మకం. నడిమి కూడలి నుంచి విసనకర్రలా విప్పుకున్న వెడల్పాటి వీధులు, చెట్లు, దర్జా అయిన ఇళ్ల వరసలు. పటంలో చర్చి మాత్రం లేదు. చర్చి కోసం కార్మికులు నాటుకున్న శిలువను 1960 ఏప్రిల్‌లో తీసేయబోతే వీధి పోరాటాలయ్యాయి. చివరకు పడవ ఆకారంలో ‘ఆర్కా పానా’ చర్చి కట్టుకున్నారు. 1977లో దాన్ని ప్రతిష్ఠించిన ఆర్చిబిషప్ కరోల్ వొయ్‌తివా మరుసటి ఏడాదే రెండవ జాన్ పాల్ పోప్ అయ్యాడు. గులాబీల వీధిలో నిలబెట్టిన లెనిన్ విగ్రహాన్ని 1989లో తొలగించారు. పాత నగరం జ్ఞాపకాలకు విరుగుడుగా కట్టిన ఊరే పాలకుల మీద తిరగబడింది, ఇప్పుడు అదీ చరిత్రలో చేరిపోయింది.

భోజనం, చుట్టుపక్కల ఊళ్లు

వీధి బండ్ల మీద అమ్మే ఒబ్వజానెక్ రొట్టె చుట్టలు ఉదయమే కొనండి, సాయంత్రానికి గట్టిపడతాయి. ‘ప్యెరోగి రుస్కియె’ అంటే బంగాళాదుంప, పనీరు లాంటి జున్ను కూరిన కుడుములు. శాకాహారులు ‘బెజ్ స్క్వార్కుఫ్’ అని చెప్పాలి, లేకపోతే పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లి తెస్తారు. చవకగా తినాలంటే ‘బార్ మ్లెచ్నీ’ అని బోర్డున్న చోట్లకు వెళ్లండి.

వియెలిచ్కా ఉప్పుగనికి మూడో రోజు మధ్యాహ్నం సరిపోతుంది. 1978లో యునెస్కో ప్రకటించిన తొలి 12 వారసత్వ స్థలాల్లో క్రాకోవ్ పాత నగరంతో పాటు ఇదీ ఉంది. లోపల వందలకొద్దీ మెట్లు దిగాలి, పలుచటి స్వెట్టర్ ఉంచుకోండి. ఆష్విట్జ్ నాజీ శిబిర స్మారకానికి మాత్రం విడిగా ఒక రోజు పెట్టుకోండి, వారాల ముందే పేరు నమోదు చేసుకోండి. రెండూ ఒకే రోజు చూపించే బస్సు యాత్రలు అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు.

డిసెంబరులోనే వీలవుతుందంటే నెల మొదటి గురువారం ఉదయం చౌక్‌లోని మిత్స్‌కెవిచ్ విగ్రహం దగ్గర ఉండేలా చూసుకోండి. ఆ రోజు నగరవాసులు తళతళలాడే రంగు రేకులతో, అట్టతో చేసిన ‘షోప్కా’లను పోటీకి తెస్తారు. క్రీస్తు జననఘట్టాన్ని క్రాకోవ్ గోపురాల మధ్య అమర్చిన బొమ్మమేడలవి. చలికాలంలో పని దొరకని తాపీమేస్త్రీలు అమ్ముకోవడానికి మొదలుపెట్టిన ఈ విద్యకు 1937 నుంచి పోటీలు నడుస్తున్నాయి, 2018లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. ఆ గురువారం తప్పిపోయినా ఫర్వాలేదు, పోటీ తర్వాత వాటిని నగర మ్యూజియంలో ప్రదర్శనకు పెడతారు.